జోలాపుట్ నీళ్లలో మునిగిన బండి: మాచ్‌ఖండ్ యాత్ర

ఒడిశా కోరాపుట్ జిల్లాలోని మాచ్‌ఖండ్ వైపు వెళ్లేవారు బస అదే జిల్లాలోని జయపురంలో పెట్టుకోవడమే మేలు. మాచ్‌ఖండ్ దగ్గరి ఒనకడిల్లీలో విద్యుత్ ప్రాజెక్టు అతిథి గృహం ఉన్నా ముందుగా అనుమతి లేకుండా గది దొరుకుతుందని నమ్ముకోలేం. జయపురంలో లాడ్జీలు మామూలువే అయినా వేడినీళ్లు, వేళకు భోజనం దొరుకుతాయి. కౌంటరు దగ్గర తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు వస్తుంది. వింతేమీ లేదు, ఇది విక్రమదేవ వర్మ ఏలిన సంస్థానం. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన మహారాజు ఆయన.

రాయగడ నుంచి మా బావమరిదీ నేనూ చెరో బండి మీద బయలుదేరాం. మాచ్‌ఖండ్ నది మీది డుడుమ జలపాతం ఎత్తు సుమారు 175 మీటర్లు. వానలు తగ్గిన కొత్తలో చూడాలి. నదిని పైనే మళ్లించి విద్యుత్ కేంద్రానికి పంపుతారు కాబట్టి ఎండల్లో ధార సన్నబడిపోతుంది. 1955లో మొదలైన ఈ కేంద్రం ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి ఆస్తి. ఒనకడిల్లీ గురువారం సంతకు కొండల మీది నుంచి బోండా తెగ గిరిజనులు దిగి వస్తారు. అక్కడ కెమెరాలు బయటకు తీయకండి. వాళ్లు వచ్చేది సరుకుల కోసం, మన ఫొటోల కోసం కాదు.

ఇక జోలాపుట్ జలాశయం. జలాశయం నీళ్లు పల్లెలను విడదీశాయి. అవతలి ఒడ్డుకు మనుషులు, మేకలు, బియ్యం బస్తాలు, మోటారు సైకిళ్లు అన్నీ నాటు పడవల మీదే దాటుతాయి. మా బావమరిది బండిని అలాగే ఎక్కించారు. ఒడ్డు దగ్గరపడుతుండగా ముందున్న ఒకాయన దిగడానికి తొందరపడి ఒక పక్కకు ఒరిగాడు. పడవ వాలింది. స్టాండు మీదున్న బండి మెల్లగా జారి నీళ్లలో పడింది. అదృష్టవశాత్తూ మనుషులకేమీ కాలేదు. ఆ పడవలో ఒక్క లైఫ్ జాకెట్ కూడా లేదు. ఇది మాత్రం ఎంతమాత్రం ఒప్పుకోదగ్గది కాదు. సొంత జాకెట్ తీసుకెళ్లండి, లేకపోతే చుట్టూ తిరిగి రోడ్డు మీదుగా వెళ్లండి.

పడవ నడిపే పెద్దాయన క్షణం కూడా వృథా చేయలేదు. తాడుకు ఒక చివర రాయి, మరో చివర ఖాళీ సీసా కట్టి బండి పడినచోటే వేశాడు. తర్వాత ఒడ్డున ఉన్న చింతచెట్టునూ, వెనకున్న కొండ కొనను ఒకే వరసలో చూసుకున్నాడు. మరో పక్క ఒక బండరాయినీ, దాని వెనకున్న మరో గురుతునూ అలాగే వరసలో చూసుకున్నాడు. సీసా కొట్టుకుపోయినా ఆ రెండు గీతలు కలిసేచోట బండి ఉంటుంది.

లోతు రెండు నిలువులకు కాస్త తక్కువ. బావిలో చేద పడితే వేసే పాతాళ గరిగె ఇక్కడ పనికిరాదు. అది అద్దానికో మడ్‌గార్డుకో తగిలి విరగ్గొడుతుంది. చేపలు పట్టే కుర్రాడొకడు మునిగి, హ్యాండిల్‌కు కాకుండా ఇంజను పైన ఉన్న ఛాసిస్ గొట్టానికి తాడు కట్టి వచ్చాడు. వెంటనే లాగనివ్వలేదు పెద్దాయన. బండి ఒండ్రులో కూరుకుపోతే బురదే గట్టిగా పట్టుకుంటుంది. అందుకే ముందు అటూ ఇటూ ఊపి బురద వదిలించారు. రెండు పడవలను పక్కపక్కన నిలిపి మీద అడ్డంగా వెదురు బొంగులు కట్టారు. తాడు వాటి మీదుగా లాగి, బండిని నీటి పైకి తేకుండా కిందే వేలాడదీసుకుని ఒడ్డుకు తెచ్చారు. నీటిలో ఉన్నంతసేపూ కొంత బరువును నీరే మోస్తుంది. ముందే బయటకు ఎత్తి ఉంటే ఆ భారానికి పడవలే తిరగబడేవి.

కెనడా వంటి చోట్ల గడ్డకట్టిన సరస్సు మీద నడిపే స్నోమొబైల్ మునిగినప్పుడు కూడా పద్ధతి ఇదే తర్కం మీద నడుస్తుంది. మంచుకు రంధ్రం కోసి, మూడు కాళ్ల స్తంభం నిలిపి, కప్పీతో నిలువుగా లాగుతారు. లేదా గాలి సంచులు కట్టి తేలుస్తారు.

బండి ఒడ్డెక్కగానే బావమరిది తాళం తిప్పబోయాడు. "వద్దు బాబూ, ఇంజను విరిగిపోతుంది" అని పెద్దాయన చెయ్యి పట్టుకున్నాడు. ఆయన మాటే నిజం. సిలిండర్లోని గాలిని పిస్టన్ నొక్కగలదు, నీటిని నొక్కలేదు. బలవంతం చేస్తే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. బ్యాటరీ తీగలు విప్పి, బండిని ట్రాలీ ఆటోలో జయపురం తీసుకెళ్లాం. ఈ యాత్ర ఏర్పాటు చేసిన ఏజెంటు మాత్రం ఎన్నిసార్లు ఫోను చేసినా ఎత్తలేదు. డబ్బు తీసుకున్నప్పుడున్న మర్యాద ఆపదలో లేకపోతే ఆ సేవ దేనికి?

జయపురంలోని మెకానిక్ పని చూసి తీరాలి. మొదట ప్లగ్ విప్పి, కిక్ కొట్టి నీళ్లు చిమ్మించాడు. కింద బోల్టు తీస్తే ఇంజను ఆయిలు పాలు కలిపిన టీలా కారింది. పెట్రోలు తేలిక, నీళ్లు అడుగున చేరతాయి కాబట్టి ట్యాంకు మొత్తం ఖాళీ చేశాడు. కార్బురేటర్ గిన్నె కడిగి, ఎయిర్ ఫిల్టరు మార్చాడు. కొత్త ఆయిలు పోసి కాసేపు నడిపి, మళ్లీ పారబోసి మళ్లీ పోశాడు, రంగు తేటగా వచ్చేదాకా. "మంచినీళ్లు కాబట్టి బతికింది. చిలికా ఉప్పునీటి సరస్సులో పడి ఉంటే ఉప్పు పోయేదాకా ముందు మంచినీళ్లతో కడగాలి, ఆలస్యం చేస్తే తుప్పు తినేస్తుంది" అన్నాడు. చక్రాల బేరింగులకు కొత్త గ్రీజు కూడా పెట్టాడు. బిల్లు సమంజసంగా ఉంది, పాత సామాన్లు మా చేతికిచ్చి లెక్క చెప్పాడు.

పడవవాళ్లు ఇంత ఇమ్మని అడగలేదు. ఒక పూట వేట మానుకుని మాకోసం నిలబడ్డ కుర్రాళ్లకు ఆ పూట సంపాదనకు తగ్గకుండా ఇవ్వడం మన బాధ్యత. వాళ్లు పెట్టిన మాండియా పేజ్, అంటే రాగి జావ, చేపల పులుసు ఈ యాత్రలో మేం తిన్నవాటిలోకెల్లా రుచికరమైనవి. ఇక్కడి ఒడియా యాస అయిన దేశియాలో తెలుగు మాటలు కలిపి వాళ్లతో హాయిగా మాట్లాడవచ్చు.

సంత చూడాలనుకునేవారు బుధవారం రాత్రికే జయపురం చేరి, తెల్లవారుజామునే బయలుదేరండి. బండి మీద వెళితే నలభై అడుగుల నైలాన్ తాడు, ప్లగ్ పానా, ఒక లీటరు ఇంజను ఆయిలు వెంట ఉంచుకోండి. నాటు పడవలో దాటాల్సి వస్తే బండిని నిలబెట్టకుండా పక్కకు పడుకోబెట్టి, రెండు చోట్ల కట్టించండి.