ఫ్రీజ్ గ్రూపుతో ప్రోటీన్ ఆటమ్స్‌ను బిగించడం: వాడి చూశాక

అణువుల కదలికలను కంప్యూటర్లో అనుకరించే గ్రోమాక్స్ ప్రోగ్రామ్‌లో కొన్ని ఆటమ్స్‌ను కదలనీయకూడదంటే అందరూ ముందు పట్టుకునేది ఫ్రీజ్ గ్రూపునే (ఉన్నచోటే బిగించి ఉంచే ఆటమ్స్ గుంపు). ఏళ్ల తరబడి వాడాక చెప్పేదేమిటంటే, ఇది నిజంగా పనికొచ్చే చోట్లు రెండే: మినిమైజేషన్‌లో (ఎనర్జీ తగ్గేలా ఆటమ్స్‌ను సర్దే దశ) కొత్తగా కట్టిన ప్రోటీన్ లూపును మాత్రమే సర్దుకోనివ్వడం, సిలికాలాంటి గట్టి ఉపరితలాన్ని నిలబెట్టడం. ప్రోటీన్ ఎన్‌పీటీ రన్‌లో (ప్రెషర్, టెంపరేచర్ స్థిరంగా ఉంచే రన్) దీని జోలికి పోవద్దు.

పెట్టుకోవడం తేలికే. ఇండెక్స్ గ్రూపు (ఎంచుకున్న ఆటమ్స్ జాబితా) చేసి, ఎండీపీ ఫైల్లో (రన్ సెట్టింగుల ఫైలు) ఫ్రీజ్‌గ్రప్స్ దగ్గర దాని పేరు, ఫ్రీజ్‌డిమ్ దగ్గర వై వై వై (మూడు అక్షాలకూ ‘అవును’ అని) రాయాలి. గ్రూపులు రెండైతే ఆరు అక్షరాలు.

మోసపోయేది మినిమైజేషన్ లాగ్ దగ్గర. ఫ్రీజ్ అయిన ఆటమ్స్ మీది బలం ఎఫ్‌మ్యాక్స్ (ఆటమ్స్ మీది అతి పెద్ద బలం) లెక్కలోకి రాదు. అలాంటివి రెండు ఒకదానిమీదొకటి ఎక్కి ఉన్నా ఎఫ్‌మ్యాక్స్ 1000 కిందికి దిగిపోతుంది, అంతా సవ్యంగా ముగిసినట్టే ఉంటుంది. పొటెన్షియల్ ఎనర్జీ చూడండి. నీళ్లు నింపిన పెట్టెలో అది పెద్ద నెగటివ్ సంఖ్య కావాలి; పాజిటివ్‌గా మిగిలిందంటే క్లాష్ లోపలే ఉంది. ముందు ఫ్రీజ్ లేకుండా మినిమైజ్ చేసి, ఆ తర్వాతే బిగించాలి.

ఎన్‌పీటీలో బారోస్టాట్ (ప్రెషర్‌ను సరిచేసే పద్ధతి) పెట్టెను కుదించినా ఫ్రీజ్ ఆటమ్స్ కోఆర్డినేట్లు స్కేల్ కావు. వాటి మధ్య బలాలు మాత్రం వీరియల్‌లో (ప్రెషర్ లెక్కకు వాడే మొత్తం) చేరి ప్రెషర్‌ను పాడుచేస్తాయి. అక్కడ పొజిషన్ రిస్ట్రెయింట్సే (ఆటమ్స్‌ను స్ప్రింగులతో వాటి చోటుకు కట్టడం) సరైనవి. మామూలుగా వచ్చే 1000 కిలోజౌల్/మోల్/నానోమీటర్² ఫోర్స్ కాన్‌స్టంట్‌కు (స్ప్రింగు బిగువు) 300 కెల్విన్ దగ్గర ఒక్కో అక్షంలో సుమారు 0.05 నానోమీటర్ల ఊపు ఉంటుంది. క్రిస్టల్ ఆకారం నిలుస్తుంది, చిన్న క్లాష్‌లూ సర్దుకుంటాయి. గ్రోమ్‌పీపీకి (రన్ ఫైలు తయారుచేసే కమాండ్) మైనస్ ఆర్‌తో రిఫరెన్స్ ఫైలు, ఎండీపీలో రెఫ్‌కోర్డ్ స్కేలింగ్‌కు కామ్ ఇవ్వాలి. ఆంబర్ (ఇలాంటిదే మరో ప్రోగ్రామ్) నుంచి వచ్చినవారు ఈ ఫోర్స్ కాన్‌స్టంట్ అంకెను అలాగే ఎత్తి రాయొద్దు: అక్కడి ఎనర్జీ సూత్రంలో ½ అనే గుణకం ఉండదు, యూనిట్లూ వేరు. ఆంబర్‌లో 10 అంటే ఇక్కడ 8368.

ఫ్రీజ్ చేస్తే రన్ త్వరగా అయిపోతుందని చాలామంది ఆశ. గ్రోమాక్స్ ఆ బలాలనూ లెక్కేస్తూనే ఉంటుంది. ఫిక్స్‌డ్ ఆటమ్స్ మధ్య బలాలను డిఫాల్ట్‌గా వదిలేసేది నామ్‌డీ అనే మరో ప్రోగ్రామ్. ఒకే గ్రాఫిక్స్ కార్డుతో, ఎండాకాలం కరెంటు కోతల మధ్య పనిచేసే అనంతపురం ల్యాబుల్లో అసలు సమయం మిగిల్చేది చెక్‌పాయింటే (రన్ స్థితిని మధ్యమధ్యలో దాచే ఫైలు). డిఫాల్ట్ 15 నిమిషాలను మైనస్ సీపీటీతో 5కు తగ్గించి, కరెంటు వచ్చాక మైనస్ సీపీఐతో అక్కడినుంచే ఎత్తుకోవచ్చు.