ఊరుకోవడం నేర్పే కోర్సు: వుడ్‌బ్యాడ్జ్ శిక్షణ గురించి కొన్నేళ్ల తర్వాత నా మాట

స్కౌట్ ట్రూప్ నడిపే పెద్దవాళ్లకు ఇచ్చే వుడ్‌బ్యాడ్జ్ శిక్షణ ఎలా ఉంటుందని ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఒకటే. పిల్లలు పని చేసుకుంటుంటే నోరు మెదపకుండా పక్కన నిలబడటం ఎలాగో అక్కడ నేర్చుకున్నాను. ముడులు, కర్రల్ని తాడుతో కలిపి కట్టే లాషింగులు, దిక్సూచి, ప్రథమ చికిత్స, క్యాంప్‌ఫైర్ నడపడం, అన్నీ కోర్సులో ఉంటాయి. వాటిలో చాలావరకు పుస్తకం చూసో, తెలిసినవాళ్లను అడిగో కూడా నేర్చుకోవచ్చు. శిక్షణ పూర్తి చేసినవాళ్లకు గుర్తుగా మెడలో వేసే రెండు చెక్క పూసల గురించీ, గిల్‌వెల్ స్కార్ఫ్ గురించీ స్కౌటింగ్‌లో ఉన్నవాళ్లకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. అందుకే ఈ సమీక్ష అంతా ఆ ఊరుకోవడం గురించే.

కోర్సులో మనల్ని బెంచీల మీద కూర్చోబెట్టి పాఠం చెప్పరు. పెద్దవాళ్లనే ఆరేడుగురు చొప్పున ప్యాట్రోల్స్‌గా విడగొడతారు. అందరూ కలిసి టెంట్లు వేసుకోవాలి, వండుకోవాలి, రోజుకొకరు ప్యాట్రోల్ లీడర్‌గా ఉండాలి. 1919లో లండన్ దగ్గరి గిల్‌వెల్ పార్క్‌లో మొదలైనప్పటి నుంచీ ఈ శిక్షణకు ఇదే పునాది. అంతకు ముందు 1907లో స్కౌటింగ్ వ్యవస్థాపకుడు బేడెన్ పవెల్ ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో పెట్టిన తొలి క్యాంపులో పిల్లల్ని తోడేళ్లు, మాలకాకులు, ఎద్దులు, కర్లూ పిట్టలు అని నాలుగు ప్యాట్రోల్స్ చేసి, ఒక్కో ప్యాట్రోల్ బాధ్యతను అందులోని ఒక కుర్రాడికే అప్పజెప్పారు. ఇది చదివినప్పుడు ఎవరికైనా బాగానే అనిపిస్తుంది. నిన్న పరిచయమైన మనిషి ఇవాళ లీడరై "మీరు నీళ్లు తెండి" అన్నప్పుడు, మనకు ఇంకో ఉపాయం తోస్తున్నా ముందు బిందె ఎత్తాల్సి వచ్చినప్పుడు గానీ పదమూడేళ్ల పిల్లలకు ఆ బాధ్యత ఎంత బరువో అర్థం కాదు.

మా ప్యాట్రోల్‌కు కర్రలతో, తాళ్లతో ఒక బల్ల కట్టే పని వచ్చింది. స్క్వేర్ లాషింగ్ కట్టాలంటే నిలువు కర్రకు క్లోవ్ హిచ్ అనే ముడి వేసి, రెండు కర్రలనూ కలిపి మూడు చుట్లు చుట్టి, తర్వాత ఆ చుట్లనే పట్టి బిగించేలా కర్రల మధ్య నుంచి రెండు ఫ్రాపింగ్ చుట్లు వేసి, అడ్డకర్రకు మళ్లీ క్లోవ్ హిచ్‌తో ముగించాలి. ఆ ఫ్రాపింగ్ చుట్లలోనే బలమంతా ఉంది. మాకు ఒక మూల అవి వదులుగా పడ్డాయి. మా ట్రైనర్ నాలుగడుగుల దూరంలో స్టూలు మీద కూర్చుని చూస్తూనే ఉన్నారు. గిన్నెలు పెట్టగానే ఆ మూల కుంగింది, అన్నీ కింద పడ్డాయి. మాలో ఒకాయనకు కోపం వచ్చింది. "ముందే చెప్పి ఉండొచ్చు కదండీ, చూస్తూ కూర్చున్నారు" అన్నాడు. ట్రైనర్ దానికి జవాబివ్వకుండా "ఏ ముడి దగ్గర వదిలిందో చూశారా?" అని అడిగారు, అంతే. అందరం మోకాళ్ల మీద కూర్చుని తాడు ఎక్కడ జారిందో వెతికాం. కాసేపటికి ఆ కోపగించుకున్నాయనే దొరకబట్టాడు. తర్వాత విప్పి, పాదంతో కర్రకు తన్నిపట్టి బిగించి కట్టిందీ ఆయనే. ఆ సాయంత్రం ట్రైనర్ ఒక్క ముడి కూడా ముట్టుకోలేదు.

కోర్సు నుంచి వచ్చినంత మాత్రాన మా ట్రూప్‌లో ఏమీ మారిపోలేదు. చాలాకాలం వరకు ఏ తేడా కనబడలేదు కూడా. ఆ తర్వాత ఒక క్యాంపులో జరిగింది మాత్రం కాస్త వివరంగానే చెప్పాలి, ఎందుకంటే ఈ శిక్షణ మీద నాకున్న ఇష్టమంతా ఆ రోజుదే.

ఒక ప్యాట్రోల్ వాళ్లు టెంట్ల కోసం కాస్త పల్లంగా ఉన్న చోటు ఎంచుకున్నారు. గడ్డి మెత్తగా ఉంది, గాలి తగలదు, పిల్లలకు నచ్చేసింది. ఆకాశం చూస్తే మబ్బు పట్టి ఉంది. నాతోపాటు ఉన్న ఇంకో లీడర్ అది చూడగానే వాళ్లవైపు బయల్దేరారు. నేను మోచెయ్యి పట్టుకుని ఆపాను. పొద్దున్నే ఆ మైదానమంతా తిరిగి చూసి ఉన్నాం. దగ్గర్లో వాగు లేదు, పైన ఎండు కొమ్మలున్న చెట్టు లేదు, సామాన్ల టెంట్‌లో పొడి దుప్పట్లు అదనంగా ఉన్నాయి. వాన వస్తే పక్కలు తడుస్తాయి, అంతకు మించి ఏమీ కాదు.

ఆ ప్యాట్రోల్ లీడర్ పెద్దగా మాట్లాడని అమ్మాయి. టెంట్లు లేచాక ఒక్కతే వాటి చుట్టూ తిరిగింది. ఒకచోట గొంతుక్కూర్చుని గడ్డి వైపే చూసింది. ఆ గడ్డంతా ఒకే దిక్కుకు వాలి ఉంది, మొదళ్లలో ఎండిన బురద, చిన్న చిన్న పుల్లలు ఇరుక్కుని ఉన్నాయి. లేచి వెళ్లి తన నీళ్ల సీసా తెచ్చింది. టెంట్ కన్నా కాస్త ఎగువన నిలబడి సన్నగా ధార వదిలింది. నీళ్లు నేల మీద ఒక క్షణం ఆగి, పక్కకు తిరిగి, మెలికలు తిరుగుతూ నేరుగా టెంట్ కింద పరిచిన షీటు అంచు దగ్గరికి వెళ్లాయి. ఈలోపు మిగతా పిల్లలు చుట్టూ మూగారు. ఇంకొకడు తన సీసా తెచ్చి వేరేచోట పోశాడు. అవీ అక్కడికే వచ్చాయి.

"ఇప్పుడు మళ్లీ అన్నీ పీకాలా?" అన్నాడొకడు, దాదాపు ఏడుపు గొంతుతో.

"పీకుదాంరా. రాత్రి తడిసిపోయి పీకడం కన్నా ఇప్పుడే నయం" అంది ఆ అమ్మాయి.

ఒక టెంట్‌లోని ఇద్దరు మాత్రం ఒప్పుకోలేదు. వాన రాదన్నారు. ఆమె వాళ్లను బలవంతం చేయలేదు, నా దగ్గరికి వచ్చి ఫిర్యాదూ చేయలేదు. "సరే, మీ ఇష్టం. వస్తే మాత్రం మా టెంట్ల దగ్గరికి వచ్చేయండి, చోటు ఉంచుతాం" అంది. మిగతా టెంట్లన్నీ చీకటి పడేలోపు గట్టు మీదకు మారాయి.

వాన వచ్చింది. నేను, నా తోటి లీడరు మేలుకునే ఉన్నాం. టార్చి వెలుగులో ఆ ఇద్దరూ పక్కబట్టలు చుట్టుకుని గట్టెక్కడం చూశాం. పైనున్నవాళ్లు జిప్ తీసి లోపలికి లాక్కున్నారు. మమ్మల్ని ఎవరూ పిలవలేదు.

మర్నాడు కోర్ట్ ఆఫ్ హానర్‌లో, అంటే ప్యాట్రోల్ లీడర్లు కూర్చుని ట్రూప్ వ్యవహారాలు తేల్చుకునే సమావేశంలో, ఆ అమ్మాయి తడిసినవాళ్ల మాటే ఎత్తలేదు. ఇకమీదట ఏ క్యాంపులోనైనా టెంట్ వేసే ముందు ప్రతి ప్యాట్రోల్ సీసాతో నీళ్లు పోసి చూడాలని ప్రతిపాదించింది. అందరూ సరేనన్నారు. అప్పటి నుంచి అది మా ట్రూప్ ఆనవాయితీ అయిపోయింది. ఆ క్యాంపులో లేని చిన్నపిల్లలు కూడా టెంట్ విప్పకముందే సీసా మూత తీస్తున్నారు.

నన్ను కదిలించింది ఏమిటంటే, పల్లంలో టెంట్ వేయకూడదన్న సంగతి ఆ పిల్లలకు ముందే తెలుసు. నేనే చెప్పాను, ఒకటికి రెండుసార్లు. హ్యాండ్‌బుక్కులోనూ ఉంటుంది. ఆ సాయంత్రం నేను వెళ్లి ఇంకోసారి చెప్పి ఉంటే వాళ్లు టెంట్లు మార్చేవాళ్లే, కానీ ఆ సీసా బయటికి వచ్చేది కాదు. నీళ్లు పోసి చూడటం నాకు తట్టిన ఆలోచన కాదు. పిల్లల నుంచి నేను నేర్చుకున్న పద్ధతి అది.

కోర్సు చేసి వచ్చిన కొత్తలో ఇది చేయనివాళ్ల చేతికి ట్రూప్ ఇవ్వకూడదని అందరితో అనేదాన్ని. ఇప్పుడు అంత గట్టిగా అనను. ట్రైనర్ ఊరుకోవడం కోర్సులో మనకు కనబడుతుంది, దాని వెనక ఉన్న పని కనబడదు. తర్వాతెప్పుడో ఒక కోర్సుకు సాయంగా వెళ్లినప్పుడు ఆ పని చూశాను. శిక్షణకు వచ్చినవాళ్లు లేవకముందే ట్రైనర్లు తాళ్లన్నీ చేత్తో తడిమి, చివికినవి పక్కన పడేశారు. బల్ల ఎత్తు మోకాలు దాటకుండా ముందే నిర్ణయించారు. కడతారో పడగొడతారో తేలేదాకా దాని మీదకు వేడి గిన్నె రాకుండా చూసుకున్నారు. ప్రథమ చికిత్స పెట్టె ఎప్పుడూ చేతికందే దూరంలో ఉంది. ఇంత చేశాకే ఆ స్టూలు మీద కూర్చున్నారు. ఈ సంగతి మాకు కోర్సులో ఎవరూ విడమరిచి చెప్పలేదు. చెప్పకపోవడం పెద్ద లోపమే అంటాను.

దాని ఫలితమూ చూశాను. వేరే ట్రూప్‌తో కలిసి పెట్టిన క్యాంపులో, కొత్తగా శిక్షణ పొందిన ఒకాయన కుర్చీ వేసుకుని ఫోన్ చూసుకుంటున్నారు. కాస్త అవతల ఒక పిల్లాడు గొడ్డలితో కర్ర కొడుతున్నాడు, ఇంకో ఇద్దరు అతని భుజం మీదుగా తొంగిచూస్తున్నారు. గొడ్డలి పట్టినవాడు చెయ్యి పూర్తిగా చాచి చుట్టూ తిప్పితే ఎవరికీ, దేనికీ తగలనంత ఖాళీ ఉండాలి. అది మాట్లాడి తీరాల్సిన చోటు. నేను వెళ్లి ఆపించాను. "పిల్లల్నే చేసుకోనివ్వమన్నారు కదండీ కోర్సులో" అన్నారాయన, నిజంగా అలాగే నమ్మి. ఆయన మీద నాకు కోపం రాలేదు, ఆయనకు సగమే నేర్పారనిపించింది. ఈత వచ్చినవాడు నీళ్లలో దిగిన పిల్లాడి పక్కన నిలబడినట్టు నిలబడాలి మనం.

నా లెక్క ఇప్పుడు ఇది. పిల్లలకు కలిగేది ఇబ్బంది మాత్రమే అయితే ఊరుకుంటాను. ఆలస్యంగా తిండి, తడిసిన పక్క, తప్పిన దారి వల్ల రెండుసార్లు నడక, ఇవి ఇబ్బందులు. కత్తి, గొడ్డలి, నిప్పు, లోతు నీళ్లు, ఎత్తు, ఒకరిని నలుగురు కలిసి ఏడిపించడం, వీటి దగ్గర ఊరుకోవడం లేదు. పిల్లల భద్రత విషయంలో అసలే లేదు. పెద్దవాళ్లు ఎప్పుడూ కనీసం ఇద్దరుండాలి, ఏ పెద్దా ఏ ఒక్క పిల్లాడితోనూ నలుగురి కంటికి దూరంగా ఒంటరిగా ఉండకూడదు, పిల్లలెవరైనా వచ్చి ఏదైనా చెప్పుకుంటే మనలోనే దాచుకోకుండా, మనమే విచారణ మొదలుపెట్టకుండా, ఆ బాధ్యత చూసేవాళ్లకు వెంటనే తెలియజేయాలి. ప్రపంచ స్కౌటింగ్‌లో సేఫ్ ఫ్రమ్ హార్మ్ అని పిలిచే ఈ భాగాన్ని చాలామంది తెర మీద గబగబా నొక్కుకుంటూ పూర్తి చేస్తారు. నన్నడిగితే దాన్నే మొదట, నిదానంగా, తోటి లీడర్లతో కలిసి కూర్చుని చేయాలి.

ఇంకో మాట. ఈ పద్ధతి నడవాలంటే ప్యాట్రోల్‌కు ఆరుగురైనా ఉండాలి, వాళ్లలో ఒకరైనా కాస్త పెద్దపిల్ల గానీ పిల్లాడు గానీ ఉండాలి. మా ట్రూప్‌లో ఒక దశలో అందరూ కొత్తగా చేరిన పదకొండేళ్లవాళ్లే మిగిలారు. అప్పుడు నేను ఊరుకుంటే అక్కడ గోల తప్ప ఏమీ మిగల్లేదు. లీడర్లు కాబోయే పిల్లలందర్నీ ఒక ప్యాట్రోల్‌గా చేసుకుని, స్కౌట్‌మాస్టరే దానికి లీడరై ముందు వాళ్లకు నేర్పే పాత పద్ధతి ఒకటుంది. మమ్మల్ని గట్టెక్కించింది అదే. కోర్సులో దాని గురించి చెప్పింది చాలా తక్కువ.

క్యాంపు భాగం అయ్యాక సొంత ట్రూప్‌లో నేర్చుకున్నది చేసి చూపించాల్సిన నెలలుంటాయి. అక్కడే చాలామంది ఆగిపోతారు. నాకు కేటాయించిన మెంటర్ మొదట్లో ఫోన్ ఎత్తేవారు, తర్వాత ఎత్తడం మానేశారు. నా కాగితాలు కదలక చాలా టెన్షన్ పడ్డాను. చివరికి పక్క ట్రూప్‌లో ఎన్నో ఏళ్లుగా పనిచేసిన ఒక పెద్దాయన, ఎవరూ చెప్పకుండానే, మా మీటింగులకు వచ్చి వెనక కూర్చోవడం మొదలుపెట్టారు. ప్రతిసారీ వెళ్లేముందు ఒకటే ప్రశ్న వేసేవారు: "ఇవాళ మీరెంత మాట్లాడారమ్మా, పిల్లలెంత మాట్లాడారు?" కోర్సులోని ఏ పాఠం కన్నా ఆ ప్రశ్నే నన్ను ఎక్కువ దిద్దింది. ఆయన దొరక్కపోయి ఉంటే ఈ సమీక్ష ఇలా ఉండేది కాదేమో.

కాబట్టి చేయమంటారా అంటే, నా పరిస్థితి వేరు. మా పిల్లలు పెద్దవాళ్లయ్యారు, శని ఆదివారాలు నావే, వరసగా కొన్ని రోజులు ఇల్లు వదిలి వెళ్తే అడ్డుచెప్పేవాళ్లు లేరు. పసిపిల్లలున్నవాళ్లకూ, షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకూ అది అంత తేలిక కాదు. అలాంటివాళ్లకు వారాంతాలుగా విడగొట్టి పెట్టే కోర్సు నయం. మధ్యలో ఇళ్లకు వెళ్లి రావడం వల్ల ప్యాట్రోల్‌లో ఆ పట్టు కాస్త సడలుతుంది గానీ, అసలు చేయకపోవడం కన్నా మేలు. వీలైతే ఒక ట్రూప్ నుంచి ఇద్దరు కలిసి వెళ్లండి. ఒక్కరే నేర్చుకుని వస్తే, పక్కనున్నవాళ్లు టెంట్ సర్దడానికి పరుగెత్తుతుంటే ఎంతమంది మోచేతులని పట్టుకుంటారు? ఆ రోజు నేను ఆపిన లీడర్ మరుసటి కోర్సుకు తనే పేరిచ్చారు, అప్పటి నుంచి మా ఇద్దరికీ పని సులువైంది. చేరేముందు మాత్రం మీ మెంటర్ ఎవరో పేరుతో సహా అడిగి, ఆ మనిషితో ఒకసారి మాట్లాడి, మీ ట్రూప్‌కు వచ్చి చూడగలరో లేదో తేల్చుకున్నాకే ఫారం నింపండి.