రస్ట్‌లో వేరియబుల్స్: మూడేళ్లు వాడాక నా మాట

మాది భీమవరం దగ్గర పల్లెటూరు, చుట్టూ రొయ్యల చెరువులే. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచి ఫోన్‌కి పంపే చిన్న బాక్స్ ఒకటి తయారుచేసి, దాని ప్రోగ్రాం మొత్తం రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశాను. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతే పంట పంటంతా పోతుంది. అందుకని రాత్రంతా నమ్మకంగా నడిచేది కావాలి. కాలేజీలో సీ భాష నేర్చుకున్నవాణ్ణి, వేరియబుల్స్‌లో, అంటే విలువలకి పెట్టుకునే పేర్లలో, కొత్తగా ఏముంటుందిలే అనుకున్నాను. మొదటి నెలంతా వాటికే పోయింది.

రస్ట్‌లో లెట్ అని రాసి వేరియబుల్‌కి విలువ ఇస్తే ఇక అది మారదు. మార్చబోతే కంపైలర్, అంటే మనం రాసిన కోడ్‌ని మెషిన్ భాషలోకి మార్చే ప్రోగ్రాం, ఈ0384 అని ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. మారాలంటే పేరు ముందు మట్ పెట్టాలి. ఎక్కడ పెట్టాలో కంపైలరే చూపిస్తుంది. మొదట్లో విసుగొచ్చి అన్నిటికీ మట్ తగిలించేశాను. అక్కర్లేనిచోట పెడితే దానికీ వార్నింగే. ఒక్కొక్కటీ తీసుకుంటూ వస్తే నాలుగొందల లైన్లలో పదకొండు మట్‌లు మిగిలాయి. ఇప్పుడు ఏ లెక్కలో తేడా వచ్చినా ముందు ఆ పదకొండు చోట్లే చూస్తాను. ఈ భాషలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

తర్వాత షాడోయింగ్, అంటే పాత పేరుతోనే కొత్త వేరియబుల్ పెట్టుకోవడం. సెన్సర్ నుంచి రీడింగ్ అక్షరాలుగా వస్తుంది: 4.2, దాని వెనక ఒక లైన్ బ్రేక్. ఆ చివర కత్తిరించి, సంఖ్యగా మార్చి, మళ్లీ 'లెట్ డీవో' అనే రాస్తాను (డీవో అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్). పేరు అదే, టైపు వేరు. ఒకే విషయానికి రెండు పేర్లు వెతుక్కునే పని తప్పింది. అయితే చూసుకోవాలి. అదే బాక్స్‌లో మేత లెక్క కూడే లూప్‌లో (ఒకే పని మళ్లీ మళ్లీ చేసే భాగం) మొత్తాన్ని మార్చాల్సినచోట అలవాటుగా ముందు లెట్ పెట్టేశాను. లోపల పుట్టింది లోపలే పోయింది, బయటి మొత్తం సున్నా దగ్గరే ఉండిపోయింది. వాడని వేరియబుల్ అని వార్నింగ్ వచ్చినా చదవలేదు. గంటన్నర వృథా.

ఓనర్‌షిప్, అంటే ఒక విలువకి ఒక వేరియబులే యజమాని అన్న నియమం గురించి అందరూ భయపెడతారు గానీ, స్ట్రింగ్‌ని (అక్షరాల వరసని) ఇంకో వేరియబుల్‌కి ఇవ్వడమంటే పొలం రిజిస్ట్రేషన్ అయిపోవడమే. పాత పేరుతో మళ్లీ ముట్టుకోనివ్వదు. ఐ32 లాంటి సంఖ్యల టైపులకి ఆ బాధ లేదు, నకలు వెళ్తుంది. రస్ట్ 1.0 వెర్షన్ 2015లో వచ్చింది. పాత కోడ్ చెడనివ్వమన్న మాట మీద రస్ట్ తయారుచేసేవాళ్లు ఉన్నారు, నా మొదటి ఫైలు ఈరోజుకీ కంపైల్ అవుతోంది.

నన్ను బాగా దెబ్బకొట్టింది మాత్రం యూ8 అనే చిన్న సంఖ్యల టైపు. బాక్స్‌లో మెమరీ తక్కువని మేత బస్తాల లెక్క అందులో పెట్టాను. అందులో 255 దాటి పట్టదు. లాప్‌టాప్‌లో పరీక్షకి వాడే డీబగ్ బిల్డ్ అయితే అది దాటగానే ప్రోగ్రాం ఆగిపోయి చెబుతుంది. చెరువు దగ్గర పెట్టింది రిలీజ్ బిల్డ్, అంటే అసలు వాడకానికి తయారుచేసేది. అందులో మనం ప్రత్యేకంగా చెక్ ఆన్ చేయకపోతే చప్పుడు లేకుండా తిరిగి సున్నా నుంచి మొదలవుతుంది. పంట చివర్లో మా బాబాయి ఫోన్ చేశాడు.

"ఏరా, మూడు చెరువులకీ కలిపి నాలుగు బస్తాలే వేసినట్టు చూపిస్తంది. నా పుస్తకంలో 260 ఉన్నాయి కదా?"

"మీ పుస్తకమే కరెక్ట్ బాబాయ్. రేపొద్దున వచ్చి సరిచేస్తాను."

ఆ రాత్రే యూ8లన్నీ వెతికి ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే యూ32 చేశాను. కూడేచోటల్లా హద్దు దాటితే చెప్పే చెక్డ్ యాడ్ పెట్టి, ప్రాజెక్ట్ సెట్టింగులుండే కార్గో ఫైల్లో రిలీజ్‌కి కూడా ఓవర్‌ఫ్లో చెక్ (హద్దు దాటడాన్ని పట్టేది) ఆన్ చేశాను. తెల్లారగానే గట్టు మీదికెళ్లి కొత్త ప్రోగ్రాం ఎక్కించి, బాబాయి పుస్తకం చదువుతుంటే ఒక్కో రోజు లెక్కా తిరిగి వేశాను. ఫోన్‌లో 260 కనపడ్డాకే ఇంటికొచ్చాను.