మేవార్‌లో గుర్రాల మీద ఊరూరా: ఉదయపూర్ నుంచి రణక్‌పూర్ దాకా వెళ్ళొచ్చాక నా రివ్యూ

ముందే చెప్పేస్తాను, స్వారీ వచ్చినవాళ్ళకి ఇది పెట్టిన డబ్బుకి తగ్గ ట్రిప్పే, అస్సలు రానివాళ్ళు మాత్రం ఇప్పుడే వెళ్ళొద్దు. ఫోటోలు పెట్టిన దగ్గర్నుంచి విజయనగరంలో, బొబ్బిలిలో, శ్రీకాకుళంలో తెలిసినోళ్ళందరూ ఎలా బుక్ చేశారు, ఎంతయింది, భయమెయ్యలేదా అని ఒకటే అడగడం, అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నా. మమ్మల్ని తీసుకెళ్ళిన ట్రిప్పు వాళ్ళ పేరు రాయట్లేదు. మెచ్చుకోవలసినవీ ఉన్నాయి, గట్టిగా అడగవలసినవీ ఉన్నాయి, మీరు ఎవరి దగ్గర బుక్ చేసుకున్నా చూసుకోవలసినవి ఇవే కాబట్టి పేరుతో పనిలేదు.

వైజాగ్‌లో ఫ్లైట్ ఎక్కి హైదరాబాద్‌లో మారి ఉదయపూర్‌లో దిగాం. నేను, మా బావమరిది, పార్వతీపురంలో ఉండే ఆయన ఫ్రెండు ఒకాయన. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేసినప్పుడు స్వారీ నేర్చుకున్నాను, బావమరిది కూడా కొంత నేర్చుకున్నాడు, ఆ ఫ్రెండుకి మాత్రం అస్సలు రాదు. ఊరి బయట లాయంలో గుర్రాలు చూపించి ఒక గంట చిన్న మైదానంలో తిప్పించి ఎవరికి ఏ గుర్రమో తేల్చారు. పొద్దున్న రెండుమూడు గంటలు స్వారీ, ఎండెక్కాక చెట్టు కింద భోజనం, కాస్త నడుం వాల్చడం, మళ్ళీ సాయంత్రం రెండు గంటలు, అలాగ రోజుకి 20 నుంచి 30 కిలోమీటర్లు. టెంట్లు, బ్యాగులు, గుర్రాల మేత అన్నీ జీపులో ముందే వెళ్ళిపోతాయి, మనం చేరీసరికి టెంటూ వేడినీళ్ళూ రెడీగా ఉంటాయి. మనిషికి రోజుకి పదిహేను వేలు దాటింది, తక్కువేం కాదు, కానీ గుర్రం, మేత, సయీసులు (గుర్రాల్ని చూసుకునేవాళ్ళు), వంటవాళ్ళు, జీపు అన్నీ అందులోనే అని గుర్తు పెట్టుకోండి.

ఇక అసలు సంగతి గుర్రాలు. అన్నీ మార్వాడీ జాతివే. నాకిచ్చింది ముదురు ఎరుపు రంగు ఆడగుర్రం, నుదుటి మీద తెల్లటి చార. ఈ జాతికి చెవులే గుర్తు, కొసలు లోపలికి వంపు తిరిగి ఒకదాన్నొకటి తాకుతుంటాయి. జీను మీంచి చూస్తే ముందున్న దారంతా ఆ రెండు చెవుల మధ్యలోంచే కనిపిస్తుంది. ఏ చప్పుడైనా వినపడితే ఒక చెవి అటు ఒక చెవి ఇటు, 180 డిగ్రీలు తిప్పీగలదు. ఒక పూట గడిచేసరికి నాకు అలవాటయిపోయింది, పొదలో నెమలి కదిలినా పక్క పొలంలోంచి కుక్క వస్తున్నా నాకంటే ముందు ఆ చెవులకే తెలుస్తుంది, రెండూ ఒకేసారి ముందుకి బిగుసుకున్నాయంటే నేను పగ్గాలు సర్దుకుని మోకాళ్ళు దగ్గరకి తెచ్చుకునేవాడిని. కొన్ని గుర్రాలకి రేవాల్ నడక వచ్చు, ట్రాట్‌లో, అంటే ఎగిరెగిరి పడే నడకలో, లాగ ఎత్తి కుదేయకుండా సాఫీగా జారుకుంటూ పోతుంది, మా సయీసు తన గుర్రం మీద అలాగ పోతుంటే ఆయన తలపాగా కూడా కదిలేది కాదు. నడుం నొప్పి ఉన్నవాళ్ళు బుక్ చేసేటప్పుడే అలాంటి గుర్రం ఉందేమో అడగండి.

ఆ సయీసు పెద్దాయన, ఆయనతో మాట్లాడడం కోసమైనా ఈ ట్రిప్పుకి మళ్ళీ వెళ్తాను. సాయంత్రం దిగాక మనం టీ తాగుదామనుకుంటాం, ఆయన మాత్రం ముందు జీను పట్టీ ఒక రంధ్రం వదులు చేసి గుర్రాన్ని చల్లబడేదాకా నడిపించి, ఆ తర్వాతే నీళ్ళు పెట్టేవాడు. ఆ తర్వాత ఒక్కో కాలూ ఎత్తి డెక్కలో ఇరుక్కున్న రాళ్ళు ఇనుప కొక్కెంతో తీసేవాడు, నాడా వదులైందేమో వేలితో తట్టి చూసేవాడు. రాత్రి కట్టేటప్పుడు తలకి రెండు తాళ్ళు ముందు మేకులకి, వెనక్కాళ్ళకి తాళ్ళు వెనక మేకులకి, దాన్ని వాళ్ళు అగాడీ పిఛాడీ అంటారు, పాత అశ్వదళాల పద్ధతి. పక్క గుర్రాన్ని తన్నకుండా అలాగ కడతారు. నానబెట్టిన శనగలు, బార్లీ పెట్టేవారు. మన దగ్గరైతే గుర్రానికి ఉలవలు కదా అన్నాను, అవి కూడా మంచివే హుకుం అన్నాడు. అక్కడ మర్యాదగా పలకాలంటే ప్రతి మాటకీ హుకుం అంటారు, వినడానికి భలే బావుంటుంది.

ఒక సాయంత్రం మా గుర్రం మెడ కింద సుడి చూపించాడు, వెంట్రుకలు గుండ్రంగా తిరిగి పొడుగ్గా కిందకి దిగి ఉన్నాయి. అలాంటిది దేవ్‌మన్ అట, యజమానికి కలిసొస్తుందని నమ్ముతారు, అదే కంటి కింద ఉంటే మంచిది కాదట, అమ్మడం కూడా కష్టమేనట. మా తాతగారు ఎడ్లు కొనడానికి వెళ్ళినప్పుడు ఇలాగే ఎద్దు చుట్టూ తిరిగి సుడులు చూసేవారు, ధర సంగతి ఆ తర్వాతే. ఆ మాట చెప్తే పెద్దాయనకి ఎంత సంతోషమో, ఇక ఆ రోజు నుంచి ప్రతి గుర్రం సుడులూ నాకు చూపించడమే పని.

ఈ జాతి ఇంకా మిగిలి ఉండడం తేలిగ్గా జరిగింది కాదు. స్వాతంత్ర్యం వచ్చి జాగీర్లు పోయాక లాయాలు ఖాళీ అయిపోయి, మేపలేక అమ్ముకునేవాళ్ళు అమ్ముకుంటే సంఖ్య బాగా పడిపోయింది, కొన్ని పాత కుటుంబాలూ పెంపకందార్లూ పట్టుబట్టి నిలబెట్టారు. ఇప్పుడు పెళ్ళి ఊరేగింపులు, ఎగ్జిబిషన్లు కాకుండా గుర్రం పొలాల్లో కొండల్లో పరిగెత్తే పని ఎక్కువగా దొరికేది ఇలాంటి ట్రిప్పుల్లోనే. అందుకే నేను ధర గురించి పెద్దగా పేచీ పెట్టలేదు. ఆ డబ్బు గుర్రాల వీపు బాగుండడానికి ఖర్చవుతోందా అన్నదే నా పట్టింపు.

అక్కడే నాకు కోపమొచ్చింది. ఒక పొద్దున్న మా బావమరిది గుర్రానికి జీను వేస్తుంటే అది పళ్ళు బయటపెట్టి పక్కకి జరుగుతోంది. ఏటి ఇది అని దగ్గరకెళ్ళి చూస్తే పట్టీ బిగించే చోట, ముందుకాలు వెనకాల, రూపాయి బిళ్ళంత మేర వెంట్రుకలు ఊడి పచ్చిగా ఉంది. అది ముందురోజు రేగింది కాదు, చుట్టూ ఎండిన పొక్కు ఉంది. కొత్తగా చేరిన కుర్రాడు దాని మీద ఒక మెత్త వేసి బిగించేస్తున్నాడు. నేను ఆపించాను. ఓనరు వచ్చి ఇంకో రెండు గంటలే కదా, మెత్త ఉంది కదా అన్నాడు. కాదండీ, దీని మీద మావాడు ఎక్కడు, జీపులో వస్తాడు అని చెప్పీసాను. పెద్దాయన ఏమీ మాట్లాడకుండా జీను తీసీసి ఆ గుర్రాన్ని ఖాళీగా తాడుతో వెంట తీసుకొచ్చాడు. ఆ రోజు రాత్రి ఓనరు స్పేర్ గుర్రం తెప్పించాడు, సారీ కూడా చెప్పాడు. కానీ గెస్టు చూసి చెప్తే తప్ప జరగకపోవడం నాకు నచ్చలేదు. ప్రతిరోజూ జీను వేసే ముందు మీ గుర్రం వీపు మీద, పట్టీ కింద చెయ్యి పెట్టి నిమరండి. వాపు, వేడి, పచ్చి ఉంటే ఎక్కొద్దు, డబ్బులు కట్టాం కదా అని మొహమాటపడొద్దు.

రెండో ఫిర్యాదు మా ఫ్రెండు విషయంలో. ఫోన్‌లో "బిగినర్స్ అయినా ఫర్వాలేదు, మా గుర్రాలు నెమ్మదైనవి" అన్నారు. తీరా ఎండిపోయిన ఏటి ఇసకలో అందరం క్యాంటర్, అంటే నెమ్మది పరుగు, అందుకునేసరికి ఆయన గుర్రం కూడా మంద వెనకాల దూకింది, గుర్రం స్వభావమే అది, ముందువి పరిగెడితే నిలబడదు. ఆయన జీను ముందు కొమ్ము పట్టుకుని ఎలాగో ఉన్నాడు, పడలేదు, ఆ తర్వాత దాదాపు ట్రిప్పంతా సయీసు ఆయన పగ్గం పట్టుకుని నడిపించవలసి వచ్చింది. దానికి ఆయన తప్పేం లేదు, ఏమీ రాదని ముందే చెప్పాడు కదా. రోజుకి ఐదు గంటలు తెలియని నేల మీద కూర్చోవాలంటే మూడు నడకలూ, అంటే వాక్, ట్రాట్, క్యాంటర్, చేతికి వచ్చి ఉండాలి. డబ్బు కోసం కాదనలేకపోవడం మంచి పద్ధతి కాదు.

దారి మాత్రం అద్భుతం. మేము వెళ్ళింది ఫిబ్రవరి చివర్లో, ఆరావళి కొండల మీద ఆకులు రాలిపోయి మోదుగలు పూసున్నాయి. కింద గోధుమ చేలు పచ్చగా. కుంభల్‌గఢ్ వైపు ఊళ్ళలో ఇంకా ఎడ్లతో తిప్పే నీళ్ళ చక్రాలు ఉన్నాయి, చక్రానికి కట్టిన కుండలు నీళ్ళు తోడి పైకొచ్చి కాలవలో పోస్తాయి, ఆ కిర్రుకిర్రు చప్పుడుకి మా గుర్రాలన్నీ చెవులు ముందుకి పెట్టీసాయి. గొర్రెల మందలతో రబారీలు ఎదురొస్తే మనం దారి ఇచ్చి పక్కన నిలబడాలి, కారులో వెళ్ళినప్పుడు హారన్ కొట్టి పోతాం కదా, గుర్రం మీద ఉంటే వాళ్ళు ఆగి పలకరిస్తారు, గుర్రం ఎవరిది, తల్లి ఎవరు అని అడుగుతారు. మన పాడేరు ఏజెన్సీలో సంతకి సామాన్లు మోసే గుర్రాలున్నాయని చెప్తే ఆంధ్రాలో కొండ గుర్రాలా అని ఆశ్చర్యపోయారు.

హల్దీఘాటీలో నిజంగానే మట్టి పసుపు రంగు, పిడికిట్లోకి తీసుకుని నలిపితే చేతికి అంటుకుంది. 1576 జూన్ 18న రాణా ప్రతాప్‌కీ, అక్బర్ తరఫున వచ్చిన అంబర్ మాన్‌సింగ్‌కీ యుద్ధం జరిగింది ఇక్కడే. ఏనుగు మీదున్న మాన్‌సింగ్ మీదకి లంఘించిన ప్రతాప్ గుర్రం చేతక్ కాలికి దెబ్బ తగిలిందనీ, ఆ కాలితోనే వాగు దూకి యజమానిని దాటించి ప్రాణం వదిలిందనీ అక్కడ చెప్తారు. ఏనుగులు పిల్ల ఏనుగనుకుని మీద పడకుండా ఉంటాయని గుర్రం మూతికి తొండం లాంటిది తొడిగేవారట. చేతక్ పేరున చిన్న ఛత్రీ, అంటే గొడుగు లాంటి కప్పున్న స్మారక మంటపం, ఉంది. పెద్దాయన చెప్పులు విప్పి దణ్ణం పెట్టాడు, మేమూ పెట్టాం. రాత్రి మంట దగ్గర మీ ఊళ్ళో ఇలాంటి యుద్ధం ఉందా అని అడిగితే మా బావమరిది బొబ్బిలి కథ ఎత్తుకున్నాడు, 1757 జనవరి 24, ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, కోటలో ఆడవాళ్ళు, ఆఖర్న తాండ్ర పాపారాయుడు విజయనగరం రాజు విజయరామరాజు డేరాలోకి దూరడం, తెలుగూ హిందీ కలిపి గంటసేపు. వంటవాళ్ళు కూడా పని వదిలేసి కూర్చున్నారు. పాపారాయుడు ఎలా చనిపోయాడని ఒకాయన రెండుసార్లు అడిగాడు, "ఆయన కూడా బతకలేదు బాబూ" అని చెప్తే తల వంచుకున్నాడు.

కుంభల్‌గఢ్ కోటకి జీపులో తీసుకెళ్ళారు, గుర్రాలకి ఆ రోజు సగం రెస్టు. రాణా కుంభా 15వ శతాబ్దంలో కట్టించింది, గోడ 36 కిలోమీటర్లు, రాణా ప్రతాప్ పుట్టింది ఇక్కడే. 2013లో రాజస్థాన్ కొండ కోటలతో కలిపి యునెస్కో జాబితాలో చేరింది. రణక్‌పూర్ జైన గుడిలో 1444 స్తంభాలంటారు, తోలు వస్తువులు లోపలకి రానివ్వరు, కాబట్టి రైడింగ్ బెల్టూ బూట్లూ జీపులోనే వదిలేసి వెళ్ళండి.

భోజనం బావుంది, మొక్కజొన్న రొట్టె, దాల్ బాటీ, గట్టే కూర, మధ్యలో ఒకరోజు లాల్ మాస్ (కారంగా ఉండే మాంసం కూర). అన్నం అడిగితే చేసి పెట్టారు. ఆవకాయ సీసా మేము పట్టుకెళ్ళాం, మొదటి రోజే వంటవాళ్ళు సగం ఖాళీ చేసీసారు. బాత్రూమ్ టెంటు శుభ్రంగా ఉంది.

హెల్మెట్లు మాత్రం వాళ్ళవి నమ్ముకోవద్దు, ఉన్నవన్నీ ఒకటే సైజు, ఒకదానికి పట్టీ లేదు. మీది మీరు కొనుక్కుని తీసుకెళ్ళండి. జీన్స్ వేసుకుంటే లోపలి కుట్లు మోకాలి దగ్గర ఒరిసి తోలు లేచిపోతుంది, సాగే రైడింగ్ ప్యాంటు గానీ మందపాటి లెగ్గింగ్ గానీ మేలు. బూటుకి చిన్న మడమ ఉండాలి, లేకపోతే పాదం రికాబులోంచి దూసుకుపోయి ఇరుక్కుంటుంది. టెటనస్ ఇంజెక్షన్ ముందే చేయించుకోండి. తోకకి ఎర్ర రిబ్బన్ కట్టి ఉంటే ఆ గుర్రం తన్నుతుందని అర్థం, వెనక నుంచి దగ్గరకి పోకూడదు.

సీజన్ అక్టోబరు నుంచి మార్చి వరకే, ఏప్రిల్ దాటాక ఎవరైనా తక్కువ ధరకి తీసుకెళ్తామంటే గుర్రాల కోసమైనా వద్దనండి. బుక్ చేసే ముందు ఫోన్ చేసి టెంటులో ఏసీ ఉందా అని కాదు, గ్రూపుకి స్పేర్ గుర్రాలు ఎన్ని, బరువు లిమిట్ ఎంత పెట్టారు, వరసగా రెండు ట్రిప్పుల మధ్య గుర్రానికి ఎన్ని రోజులు రెస్టు, డాక్టరు ఎంత దూరంలో ఉంటాడు అని అడగండి. బరువు లిమిట్ లేదు ఎవరైనా రావచ్చు అన్నారంటే అక్కడితో ఫోన్ పెట్టేయండి. మావాళ్ళు 85 కిలోలు అన్నారు, మమ్మల్ని కాటా మీద నిలబెట్టి చూశారు కూడా, ఆ ఒక్క పనికి వాళ్ళకి పూర్తి మార్కులు. మొత్తంగా ఐదుకి మూడున్నర, పెద్దాయనకి విడిగా ఐదుకి ఐదు. వచ్చే ఫిబ్రవరికి మా బావమరిదీ నేనూ మళ్ళీ వాళ్ళకే ఫోన్ చేస్తాం, కానీ ఆ గుర్రం పట్టీ పుండు మానిందో లేదో అడిగాకే అడ్వాన్స్ పంపిస్తాం.