పాతిక వేలకు పాత ల్యాప్‌టాప్: రాజోలులో మూడేళ్లు వాడాక

రాజోలులో నాది లెక్కలు రాసే పని. చుట్టుపక్కల రొయ్యల చెరువుల వాళ్లకి, అంబాజీపేట వైపు కొబ్బరి వ్యాపారులకి టాలీ రాస్తాను, జీఎస్టీ రిటర్నులు వేస్తాను. 2023 మొదట్లో పాతిక వేలలోపు ఒక ల్యాప్‌టాప్ కావలసి వచ్చి, సికింద్రాబాద్‌లోని ఒక షాపు నుంచి రీఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగుచేసి మళ్లీ అమ్మేది) లెనోవో థింక్‌ప్యాడ్ టీ480 తెప్పించుకున్నాను. ఇంచుమించు అదే సమయంలో మా బావగారు భీమవరంలో బీటెక్ చదువుతున్న మా మేనకోడలికి అదే డబ్బు పెట్టి కొత్తది కొన్నారు. రెండిటినీ అప్పటినుంచీ చూస్తూనే ఉన్నాను. పండక్కి వచ్చినప్పుడల్లా దాని రిపేర్లు కూడా నా నెత్తినే పడ్డాయి.

ఒకే డబ్బుకి ఏమేం వచ్చాయో చూడండి. కొత్తదాంట్లో సెలెరాన్ ఎన్4020 ప్రాసెసర్, అంటే రెండే కోర్లు. 4 జీబీ ర్యామ్‌ని బోర్డుకే సోల్డర్ చేసేశారు, పెంచే దారి లేదు. నా దాంట్లో ఇంటెల్ ఎనిమిదో తరం ఐ5 ప్రాసెసర్, నాలుగు కోర్లు, 16 జీబీ ర్యామ్. అది 2018 నాటి మోడల్, ఏదో కంపెనీ ఉద్యోగి వాడి వదిలేసినది. మూత మీద స్టిక్కరు పీకిన మచ్చ ఇప్పటికీ ఉంది. ఒక క్లయింటు చూసి, "ఏవండీ, మా లెక్కలన్నీ ఈ పాతదాంట్లో పెడుతున్నారేంటండీ?" అన్నారు. టాలీలో కంపెనీలు మారుస్తూ, పక్కన పెద్ద ఎక్సెల్ ఫైలు, జీఎస్టీ పోర్టల్ తెరిచి చూపించాక మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మా మేనకోడలికి మొదటి ఏడాది సాఫీగానే గడిచింది. సీ ప్రోగ్రాములు, పీపీటీలు, యూట్యూబ్ పాఠాలు నడిచాయి. రెండో ఏడాదిలో ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో వేయగానే మెషిను చేతులెత్తేసింది. ల్యాబ్‌లో సిస్టం ఖాళీ అయ్యేదాకా కూర్చునేది పాపం. ఆ కొత్తదాని బ్యాటరీ మాత్రం మొదటి రోజునుంచీ హాయిగా ఐదారు గంటలు వచ్చింది. బరువూ తక్కువే. ఆ సుఖం నాకు లేదు.

వారంటీ సంగతికి వద్దాం, కొత్తది కొనేవాళ్లంతా చెప్పేది అదే కదా. ఏడాది వారంటీ ఉండగానే మేనకోడలి ల్యాప్‌టాప్ హింజ్ (మూత కీలు) విరిగింది. సర్వీస్ సెంటర్ దాకా మోసుకెళ్తే, అది ఫిజికల్ డ్యామేజ్, వారంటీలోకి రాదన్నారు. నాకు షాపువాళ్లు ఇచ్చింది ఆరు నెలల వారంటీ, అది వాడుకునే అవసరమే రాలేదు. తర్వాత ఫ్యాను మోత మొదలైతే మా ఊరి మెకానిక్కే వెనక మూత స్క్రూలు విప్పి, దుమ్ము దులిపి, ప్రాసెసర్ వేడిని లాగే థర్మల్ పేస్టు ఎండిపోతే మార్చి గంటలో ఇచ్చేశాడు. ఆఫీసుల కోసం తయారుచేసిన థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ లాంటి మోడళ్లకి విడిభాగాలు సులువుగా దొరుకుతాయి. గోదావరి పాయ దాటితే గానీ సర్వీస్ సెంటర్ మొహం కనపడని మాలాంటి వాళ్లకి, వారంటీ ఎన్నేళ్లన్నదాని కంటే ఊళ్లో విప్పగలిగిన మెషినా కాదా అన్నదే ముఖ్యమని నా లెక్క.

టీ480లో నాకు బాగా నచ్చింది రెండు బ్యాటరీలు ఉండటం. ఒకటి లోపల, ఇంకొకటి వెనక క్లిప్పు లాగితే ఊడొచ్చేది. ల్యాప్‌టాప్ ఆపకుండానే బయటిది మార్చుకోవచ్చు. 2025 అక్టోబరు 28 రాత్రి మోంథా తుఫాను మన తీరం దాటి కరెంటు పోయినప్పుడు, టీడీఎస్ రిటర్నులకి 31 ఆఖరు తేదీ. విడిగా కొనిపెట్టుకున్న బయటి బ్యాటరీ ఉండబట్టి ఎంట్రీలన్నీ చీకట్లోనే పూర్తిచేశాను. షాపువాళ్లు మొదట ఇచ్చిన బ్యాటరీ మాత్రం సగం చచ్చినదే. విండోస్‌లో ఆదేశాలు టైపుచేసే కమాండ్ ప్రాంప్ట్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీస్తే అసలు కెపాసిటీ ఎంత, ఇప్పుడెంత మిగిలింది అనేది పక్కపక్కనే కనిపిస్తుంది. రీఫర్బిష్డ్ కొంటే కొత్త బ్యాటరీ ఖర్చు కూడా ధరలో కలిపే చూసుకోండి.

స్క్రీన్ ఇంకో బాధ. నాకొచ్చింది 1366 బై 768 రకం, పక్కనుంచి చూస్తే రంగులు మారిపోతాయి. ఇదే మోడల్‌లో ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగులు మారని రకం) స్క్రీన్ ఉన్నవీ దొరుకుతాయి. అడక్కపోతే ఎవరూ చెప్పరు.

ఎనిమిదో తరమే కావాలని నేను పట్టుబట్టింది విండోస్ కోసం. విండోస్ 11కి ఇంటెల్‌లో అధికారిక మద్దతు, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, అక్కడినుంచే మొదలు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో ఉచిత సపోర్టు ముగిసింది. ఆరు, ఏడు తరాల మెషిన్లు ఇప్పుడు కారుచౌకగా అమ్ముతూ "విండోస్ 11 వేసే ఇస్తాం సార్" అంటున్నారు. అడ్డదారిలో వేస్తారు, పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ కుస్తీ. బ్యాంకు పనీ పన్నుల పనీ చేసుకునేవాళ్లకి అది వద్దు.

డెలివరీ అయిన రోజే బయోస్‌లోకి (విండోస్ కంటే ముందే నడిచే సెట్టింగుల్లోకి) వెళ్లి పాస్‌వర్డ్ అడుగుతోందేమో చూడండి. పాత కంపెనీ పెట్టిన తాళం అలాగే ఉంటే తర్వాత తీయించడం నరకం. షాపువాళ్లు వేసిచ్చిన విండోస్‌ని, "లైఫ్‌టైమ్ ఫ్రీ" ఆఫీస్‌ని నమ్మకుండా అంతా ఫార్మాట్ చేశాను. అసలు లైసెన్సు బయోస్‌లోనే ఉండటంతో విండోస్ ప్రో తనంతట తానే యాక్టివేట్ అయింది.

వ్యాపారం ఉన్నవాళ్లకి ఒక మాట. జీఎస్టీ నంబరు మీద కొత్త ల్యాప్‌టాప్ కొంటే దానిమీద కట్టిన 18 శాతం పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా, తిరిగొస్తుంది. పాత సామాన్లు అమ్మేవాళ్లు చాలామంది మార్జిన్ స్కీములో (తమ లాభం మీద మాత్రమే పన్ను కట్టే పద్ధతిలో) బిల్లు వేస్తారు, దానిమీద మీకు క్రెడిట్ రాదు. ధరలు పోల్చేటప్పుడు ఇది తీసేసి చూస్తే తేడా కొంత తగ్గుతుంది. నాది చిన్న పని, నంబరు లేదు కాబట్టి నాకు వర్తించలేదు.

ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లలో చార్జింగ్ పెట్టి చెయ్యి ఆనిస్తే జిల్లుమనడం కొత్తదైనా పాతదైనా ఉంటుంది. ల్యాప్‌టాప్‌ని తిట్టుకోకుండా ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

నలభై వేల పైన పెట్టగలిగితే కొత్తదే కొనమంటాను. ఆ ధరలో కనీసం 12వ తరం ఐ3 చూడండి, ఆరు కోర్లు ఉంటాయి, బ్యాటరీ గురించి టెన్షన్ ఉండదు. ముప్పై లోపయితే రీఫర్బిష్డే. ఇప్పుడు కొనేవాళ్లు టీ480 దగ్గర ఆగకుండా 2021 నాటి 11వ తరానికి వెళ్లండి. లాటిట్యూడ్ 5420, ఎలైట్‌బుక్ 840 జీ8 రెండిట్లోనూ ర్యామ్ స్లాట్లు రెండేసి ఉంటాయి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి 8 జీబీది కొని తర్వాత పెంచుకుందాంలే అనుకోకుండా, 16 జీబీ ఉన్నదే అడిగి తీసుకోండి.