మల్టీ-ఫ్రీక్వెన్సీ మెటల్ డిటెక్టర్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

మెటల్ డిటెక్టర్ కొందామనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఒక్కటే: "ఎంత లోతు పడుతుంది?" ఆ ప్రశ్నను ఆఖరికి ఉంచమంటాను నేను. ముందు తేల్చుకోవాల్సింది మీరు ఏ నేల మీద తిరగబోతున్నారన్నది. పొడి మట్టా, ఇనుము ఎక్కువున్న ఎర్రమట్టా, సముద్రపు తడి ఇసుకా? అది తేలితే కొనాల్సిన రకం సగం తేలినట్టే.

నేను వాడుతున్నది మధ్యస్థాయి మల్టీ-ఫ్రీక్వెన్సీ డిటెక్టర్, అంటే ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలలో పనిచేసేది. 11 అంగుళాల డబుల్-డి కాయిల్ (నేల మీద ఊపే పళ్లెం, లోపలి తీగచుట్టలు D ఆకారంలో ఉంటాయి), లోపలే లిథియం బ్యాటరీ, బరువు కిలోన్నరకు కాస్త తక్కువ. దీనికి ముందు ఒకే ఫ్రీక్వెన్సీ మీద, 7 కిలోహెర్ట్జ్ దగ్గర నడిచే సాదా డిటెక్టర్ చాలాకాలం వాడాను. అందుకే రెండింటికీ తేడా ఏమిటో నమ్మకంగా చెప్పగలను.

ఇది పనిచేసే తీరు కొంచెం తెలిసుండాలి. కాయిల్‌లో రెండు తీగచుట్టలుంటాయి. ఒకటి క్షణక్షణం మారే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. అది తగిలిన లోహంలో చిన్న చిన్న విద్యుత్ సుడులు పుట్టి, తమ సొంత క్షేత్రాన్ని పైకి వదులుతాయి. రెండో చుట్ట దాన్ని పట్టుకుంటుంది. పంపినదానికీ తిరిగొచ్చినదానికీ మధ్య ఉన్న తేడాను బట్టి అది ఇనుమో, రాగో, వెండో డిటెక్టర్ అంచనా కడుతుంది. చిక్కల్లా నేలతోనే. మట్టిలోని ఇనుప ఆక్సైడ్లు, నల్ల ఇసుక, ఉప్పునీటి తడి, ఇవన్నీ కూడా లోహంలాగే జవాబిస్తాయి. ఆ రొదలోంచి చిన్న నాణెం గొంతును వేరుచేయడమే డిటెక్టర్ అసలు పని.

తక్కువ ఫ్రీక్వెన్సీకి వెండి, రాగి నాణేలు బాగా దొరుకుతాయి. 20 నుంచి 40 కిలోహెర్ట్జ్ దాకా వెళ్తే సన్నటి బంగారు ముక్కలు పలుకుతాయి. నా పాత డిటెక్టర్ నాణేల దగ్గర ఏనాడూ నిరాశపరచలేదు గానీ సన్నటి గొలుసు మీద నుంచి వెళ్లినా ఉలిక్కిపడేది కాదు. తడి ఇసుక మీదికి తీసుకెళ్తే ఆగకుండా కూసేది. మల్టీ-ఫ్రీక్వెన్సీ ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలలో విని, వాటిని పోల్చి చూసి ఉప్పు, మట్టి జవాబులను పక్కకు తీసేస్తుంది. ఈ పద్ధతి అంతకుముందే ఖరీదైన వాటిలో ఉంది. 2018లో మైన్‌ల్యాబ్ కంపెనీ ఈక్వినాక్స్ వచ్చాక మధ్యస్థాయి కొనుగోలుదారుకూ అందింది. ఆ తర్వాత నోక్తా కంపెనీ లెజెండ్ లాంటివీ వచ్చాయి.

అలాగని అందరూ దీన్నే కొనాలని అనను. మీరు తిరిగేది పొడి పొలాలు, మైదానాలే అయితే మంచి ఒకే-ఫ్రీక్వెన్సీ డిటెక్టర్ చాలు. మిగిలిన డబ్బుతో పిన్‌పాయింటర్, దృఢమైన చేతి పార కొనుక్కోండి. తవ్విన గుంటలో వస్తువు ఎటువైపు ఉందో చేతిలో పట్టుకునే పిన్‌పాయింటర్ చెబుతుంది. అది లేకపోతే గుంట అనవసరంగా పెద్దదవుతుంది, పార దెబ్బ నాణెం మీదే పడే ప్రమాదమూ ఉంటుంది. సముద్రతీరమే మీ చోటైతే మాత్రం మల్టీ-ఫ్రీక్వెన్సీ విషయంలో రాజీ పడొద్దు. ఆగి ఆగి విద్యుత్ తాకిడులు పంపే పల్స్ ఇండక్షన్ రకం ఖనిజాల నేలలో ఇంకా లోతుకు వింటుంది గానీ ఇనుమునూ బంగారాన్నీ వేరుచేసి చెప్పడంలో బలహీనం. మేకులు నిండిన చోట దానితో నడుం పడిపోతుంది.

లోతు సంగతి: మంచి నేలలో, బల్లపరుపుగా పడున్న నాణేన్ని నా డిటెక్టర్ 20 నుంచి 25 సెంటీమీటర్ల దాకా నమ్మకంగా పట్టుకుంటుంది. అదే నాణెం అంచు మీద నిలబడి ఉంటే, లేదా ఎర్రమట్టిలో ఉంటే, లోతు చాలా తగ్గిపోతుంది. డబ్బా మీద రాసిన అంకెలకన్నా ఇదే వాస్తవం.

ఇక తెర మీద కనిపించే టార్గెట్ నంబర్ గురించి, అంటే కింద ఉన్నది ఏ లోహమో అంచనాగా చెప్పే అంకె గురించి. దాన్ని నమ్ముకుని తవ్వాలా వద్దా తేల్చేసేవాళ్లే ఎక్కువ. బంగారు ఉంగరం, అల్యూమినియం రేకు, కూల్‌డ్రింక్ డబ్బా లాగుడు రింగు దాదాపు ఒకే నంబర్ల వరసలో వస్తాయి. రేకు గోల భరించలేక ఆ వరసను డిస్క్రిమినేషన్‌లో (కొన్ని నంబర్లు పలకకుండా ఆపే అమరికలో) మూసేస్తే ఉంగరానికీ తలుపు మూసినట్టే. నేను ఇనుమును తప్ప మరేదీ మూయను. ఇనుమును కూడా మేకులు మరీ ఎక్కువైన చోటే మూస్తాను. మిగతా వేళల్లో సన్నగా వినపడేలా ఉంచుకుంటాను. ఇనుప మోత ఎక్కువున్న చోట ఒకప్పుడు మనుషులు తిరిగారని అర్థం కదా.

నంబర్ కన్నా చెవి నిజం చెబుతుంది. తుప్పుపట్టి వంకరపోయిన మేకు ఒకవైపు నుంచి ఊపితే అచ్చం వెండిలా గట్టిగా, సన్నగా పలుకుతుంది. అక్కడే ఆగి, పక్కకు తిరిగి, అదే చోటును 90 డిగ్రీల కోణంలో ఊపండి. మేకైతే ఆ శబ్దం విరిగి ముక్కలవుతుంది, మధ్యలో బొంగురు ఇనుప గొంతు దూరుతుంది. నాణెం రెండువైపులా ఒకేలా పలుకుతుంది, మొదలూ చివరా గుండ్రంగా. సోడా సీసా ఇనుప మూత ఇంకా కొంటెది: నడిమధ్యలో అందమైన శబ్దమే ఇస్తుంది. కాయిల్‌ను చిన్నచిన్నగా అటూఇటూ ఆడిస్తూ మెల్లగా మీ వైపుకు లాక్కోండి. మూత కాయిల్ కొస దాటే క్షణంలో నంబర్ కిందికి జారి ఇనుప మోత వస్తుంది. డబుల్-డి కాయిల్ ఉన్నవాళ్లకు ఈ ఒక్క అలవాటు ఎన్నో గుంటలు తప్పిస్తుంది. ఈ చెవి పుస్తకం చదివితే రాదు. తెలిసిన వస్తువులను నేలలో రకరకాల లోతుల్లో పాతిపెట్టి వింటూ ఉండాల్సిందే.

సెన్సిటివిటీని ఎప్పుడూ ఆఖరి మెట్టు మీద పెట్టి తిరిగేవాళ్లకు ఒక మాట: డిటెక్టర్ చిటపటలాడుతుంటే రెండు మెట్లు దించండి. రొద తగ్గితే లోతున ఉన్న సన్న సిగ్నల్ అప్పుడే వినపడుతుంది. కరెంటు తీగల దగ్గర, జేబులో ఫోన్ మోగుతున్నప్పుడు కూడా ఇదే గోల. ఫోన్ దూరంగా పెట్టి, బయటి విద్యుత్ రొదను తగ్గించే నాయిస్ క్యాన్సిల్ నొక్కండి. నేల మారినప్పుడల్లా, లోహం లేని చోట కాయిల్‌ను పైకీ కిందికీ ఆడిస్తూ గ్రౌండ్ బ్యాలెన్స్ చేసుకోవాలి, అంటే ఆ నేల మోతను పట్టించుకోకుండా డిటెక్టర్‌ను సర్దాలి. ఊపేటప్పుడు చివర్లలో కాయిల్ గాల్లోకి లేవకూడదు, ప్రతి ఊపూ ముందుదాని మీద సగం పడాలి. కాలికి ఇనుప మొన ఉన్న బూట్లు వేసుకుంటే ప్రతి అడుగుకీ సిగ్నలే.

హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. మామూలు బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది, అప్పటికి కాయిల్ ఆ చోటు దాటిపోతుంది. ఆలస్యం తక్కువుండే రకమో, తీగ ఉన్నదో తీసుకోండి. ఇక బరువు గురించి కొట్లో అయిదు నిమిషాలు పట్టుకుంటే ఏమీ తెలియదు. కిలోన్నర కూడా మూడు గంటలయ్యేసరికి భుజం మీద కూర్చుంటుంది. మోచేతి కప్పు వెనక బరువుండి, ముందు తేలిగ్గా ఊగే డిటెక్టర్ తీసుకుంటే చేతికి హాయి. చెత్త ఎక్కువున్న చోట్లకు 6 అంగుళాల చిన్న కాయిల్ వేరుగా కొనుక్కున్నాను. మేకుల మధ్య నాణేన్ని అది విడదీసినంత శుభ్రంగా పెద్దది విడదీయలేదు.

సంరక్షణ విషయంలో నేను కచ్చితంగా ఉంటాను. సముద్రం నుంచి రాగానే మంచినీళ్లతో కడుగుతాను, గొట్టం ఒత్తిడితో కాదు, మెల్లగా పోస్తూ. కాయిల్ కింది ప్లాస్టిక్ మూతను ఊడదీసి కడగాలి. చాలామంది వదిలేసేది ఇదే. ఆ మూతకూ కాయిల్‌కూ మధ్య నల్ల ఇసుక చేరితే లేని సిగ్నళ్లు పుడతాయి, డిటెక్టర్ పాడైందని అనుకుంటాం. కడ్డీ భాగాలను విడదీసి లోపలి ఇసుక కూడా పోగొట్టాలి, లేదంటే తాళాలు అరిగిపోయి కాయిల్ అటూఇటూ తిరుగుతుంది. కేబుల్‌ను కడ్డీకి గట్టిగా చుట్టండి. వదులుగా ఊగితే తప్పుడు మోతలు వస్తాయి. అయితే కాయిల్ దగ్గర మాత్రం అది అటూఇటూ వంగేంత కాస్త వదలాలి.

వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నా కళ్లు మూసుకుని నమ్మొద్దు. నీళ్లలోకి దిగేముందు కనెక్టర్ రబ్బరు రింగు మీద ఇసుక రేణువు లేకుండా చూడండి. ఎండలో కాగిన డిటెక్టర్‌ను ఒక్కసారిగా చల్లటి నీళ్లలో ముంచకండి: లోపలి గాలి ముడుచుకుని, సీల్ ఎక్కడ బలహీనంగా ఉందో అక్కడ నీటిని లోపలికి లాగుతుంది. కాసేపు నీడలో ఉంచాకే దిగుతాను. లిథియం బ్యాటరీని నెలల తరబడి పక్కన పెట్టేటప్పుడు సగం చార్జితో, చల్లటి చోట ఉంచాలి. ఎండలో నిలిపిన కారు డిక్కీ బ్యాటరీకి పెద్ద శత్రువు. పెన్సిల్ సెల్స్‌తో నడిచేవైతే సెల్స్ తీసేసి ఉంచండి, కారితే లోపలి స్ప్రింగులు తినేస్తుంది.

స్థలం యజమాని అనుమతి లేకుండా ఎక్కడా తవ్వకూడదు, పురాతన కట్టడాలున్న రక్షిత ప్రాంతాల్లో అసలే తవ్వకూడదు. దొరికినవాటి గురించి ఏ దేశం చట్టం ఆ దేశానిది. అది ముందే చదువుకోండి. పాత యుద్ధభూముల్లో బాంబులాంటిది కనబడితే చేయి పెట్టకుండా వెనక్కి వచ్చి పోలీసులకు చెప్పండి. గుంట పూడ్చకుండా కదలొద్దు.

పాతది కొనేవాళ్లు డబ్బు ఇచ్చేముందు ఒక పని చేయండి. డిటెక్టర్ ఆన్ చేసి, కాయిల్‌ను గాల్లో కదలకుండా పట్టుకుని, కేబుల్‌ను కనెక్టర్ దగ్గర, కాయిల్ దగ్గర మెల్లగా వంచి చూడండి. కూస్తే లోపల తీగ తెగుతోందన్నమాట. కొత్త కాయిల్ ఖర్చు కలిపి బేరం ఆడండి, లేదా వదిలేయండి. కాయిల్ అడుగున పగుళ్లు, బ్యాటరీ అరలో తుప్పు, తెర లోపలి వైపు ఆవిరి మచ్చలు కూడా చూడాలి. ఆవిరి కనిపిస్తే ధర ఎంత తక్కువైనా నేను కొనను.