అమ్మిన సరుకే దానికి తెలుసు: హార్డ్‌వేర్ దుకాణంలో టాలీతో ఇరవై ఏళ్లు

తెనాలిలో మాది పైపులు, ఫిట్టింగులు, రంగులు, కరెంటు సామాను, సిమెంటు అమ్మే దుకాణం. 2005 ఏప్రిల్ 1న రాష్ట్రంలో వ్యాట్ అనే అమ్మకం పన్ను అమలులోకి వచ్చినప్పుడు మా నాన్నగారు చిట్టా, ఆవర్జా పుస్తకాలను అటక మీదికి చేర్చి మొదటిసారి కంప్యూటర్ కొన్నారు. అందులో వేయించింది టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్. పాత కూర్పులన్నీ దాటుకుంటూ వచ్చి, 2020 నవంబరులో టాలీప్రైమ్ విడుదలయ్యాక కొన్నాళ్లకు దానికి మారాం. పక్కన ఎక్సెల్ ఎప్పుడూ ఉంది. ఈ సమీక్ష బిల్లులు కొట్టడం గురించో, రిటర్నులు వేయడం గురించో కాదు. ఆ పనులు అది ఎలా చేస్తుందో వ్యాపారులందరికీ తెలిసిందే. ఏ సరుకు ఎంత తెప్పించాలి, ఎవరికి ఎంతవరకు అరువివ్వాలి, ఏది మానేయాలి అనే నిర్ణయాలలో అది నాకు ఎంతవరకు పనికివచ్చిందో రాస్తున్నాను.

మొదటి పదమూడేళ్లు నేను దానిని బిల్లులు రాసే గుమస్తాగానే వాడుకున్నానని ఒప్పుకోవాలి. తండ్రి వ్యాపారం లెక్కల కోసం భరత్ గోయెంకా అనే యువకుడు రాసిన ప్రోగ్రామే 1986లో బెంగళూరులో టాలీకి మూలమైందని చాలా ఆలస్యంగా తెలిసింది. తన ఇంటి వ్యాపారం కోసం ఒకరు రాసుకున్నదానిని మా ఇంటి వ్యాపారంలో పన్ను లెక్కలకే కట్టిపడేశానే అనిపించింది. 2018లో క్యాష్ క్రెడిట్ (వ్యాపారానికి కావలసినప్పుడల్లా బ్యాంకు నుంచి వాడుకునే అప్పు) పరిమితి పెంచమని అడగడానికి బ్యాంకుకు వెళితే, సరుకు నిల్వల పట్టికతో పాటు 90 రోజులు దాటిన బాకీలు విడిగా చూపించమన్నారు. అది వెతుకుతూ ఉండగా పక్కనే సరుకు వయసు చూపించే నివేదిక కనబడింది. ఏ వస్తువు మన దగ్గరికి వచ్చి ఎన్ని రోజులైందో, దానిలో ఎంత డబ్బు ఇరుక్కుందో అది వరసలు కట్టి చూపిస్తుంది.

ఆ రోజు రాత్రి దుకాణం కట్టేశాక దాని ముందు కూర్చుంటే, ఆరు నెలలు దాటిన సరుకు 4 లక్షల 80 వేల రూపాయల దాకా తేలింది. అందులో సగానికి పైగా పాతకాలపు పిడి ఉన్న ఇత్తడి కొళాయిలు, ఎవరూ అడగని రంగుల డబ్బాలు. వాటి పక్కగా రోజుకు పదిసార్లు నడుస్తాను, కానీ అరలో నిండుగా కనబడే సరుకు కంటికి ఆస్తిలా కనిపిస్తుందే గాని అప్పులా కనిపించదు. అప్పటికి క్యాష్ క్రెడిట్ మీద కడుతున్న వడ్డీని వాటి తేదీల పక్కన వేసి చూసుకుంటే, కొన్ని కొళాయిల మీద రావలసిన లాభం ఎప్పుడో వడ్డీ కిందనే పోయింది. కొన్న ధరకే తెగనమ్మి ఆ అర ఖాళీ చేశాం. ఇన్నేళ్లలో ఈ సాఫ్ట్‌వేర్ వల్ల నేను తీసుకున్న అన్నిటికంటే మంచి నిర్ణయం అదే. ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం ఆ నివేదిక చూడడం అలవాటైంది.

అరువు విషయంలో మాత్రం ఒక దెబ్బ తిన్నాను, తప్పు పూర్తిగా నాదే. మా దగ్గర ఖాతా ఉన్న మేస్త్రీలు ఏ బిల్లుకు ఎంత అని చెప్పి కట్టరు; పని మీద డబ్బు చేతికి వచ్చినప్పుడు ఐదు వేలో పది వేలో ఇచ్చి జమ వేసుకోమంటారు. రసీదు రాసేటప్పుడు ఆ మొత్తాన్ని ఏ బిల్లుకు సర్దాలో చెప్పకుండా ‘ఆన్ అకౌంట్’ అని వదిలేయవచ్చు, మా కుర్రాడు అలాగే వదిలేసేవాడు. ఖాతాలో నిల్వ సరిగ్గానే ఉంటుంది. కానీ బాకీల వయసు పట్టికలో పాత బిల్లులన్నీ కట్టనివిగానే నిలిచి ఉంటాయి, కట్టిన డబ్బు ఒక మూల విడిగా ఉంటుంది. ఆ సంగతి గమనించక, 120 రోజులు దాటిన బాకీ అని పట్టిక చూసి, పదిహేనేళ్లుగా మా దగ్గర కొంటున్న ఒక మేస్త్రీగారికి నలుగురి ముందు సరుకు ఆపాను. ఆయన జేబులోంచి మా రసీదులే తీసి కౌంటరు మీద పరిచి, “బాబూ, మీ నాన్నగారు పుస్తకంలో రాసేటప్పుడు ఇట్టా ఎప్పుడూ జరగలేదయ్యా” అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే కూర్చుని రెండేళ్ల జమలను ఒక్కొక్కటిగా బిల్లులకు సర్దాను. అప్పటి నుంచి పాత బిల్లు ముందు తీరేలా రసీదు రాస్తేనే ఆ పట్టికను నమ్ముతున్నాను. ఆ మేస్త్రీగారు మళ్లీ రావడానికి నాలుగు నెలలు పట్టింది.

వస్తువువారీ లాభం చూపించే నివేదికను కూడా జాగ్రత్తగా చదవాలి. దాని ప్రకారం మా దుకాణంలో అన్నిటికంటే తక్కువ మిగిలేది పైపుల మీద, బాగా మిగిలేది పైపులను కలిపే ఎల్బోలు, టీలు, నీటిని ఆపే వాల్వుల వంటి ఫిట్టింగుల మీద. పైపులు తగ్గించి ఫిట్టింగులు పెంచుదామని ఒక సంవత్సరం గట్టిగానే అనుకున్నాను. అయితే పైపు కొనడానికి వచ్చినవాడే ముప్పావు అంగుళం ఎల్బోలు డజన్ల లెక్కన తీసుకువెళతాడు. పైపు వేరేచోట కొంటే ఎల్బో కూడా అక్కడే కొంటాడు. బిల్లులను ఎక్సెల్‌లోకి తీసుకుని, పైపు ఉన్న బిల్లులనూ లేని బిల్లులనూ విడదీసి చూశాక గాని ఆ ఆలోచన మానుకోలేదు. వస్తువు వరసలో చూస్తే ఒక జవాబు, బిల్లు వరసలో చూస్తే ఇంకో జవాబు వచ్చింది, రెండూ అవే అంకెలలోంచి.

పోయిన ఏడాదితో పోల్చి సరుకు తెప్పించే పద్ధతి 2023లో బెడిసికొట్టింది. మా వ్యాపారంలో రంగులు, బాత్‌రూమ్ సామాను గృహప్రవేశాల చుట్టూ తిరుగుతాయి. 2022లో శ్రావణం జూలై 29న మొదలైంది కాబట్టి ఆగస్టు మొదటి వారాలు కిటకిటలాడాయి. 2023లో ఆషాఢం వెంటనే జూలై 18 నుంచి ఆగస్టు 16 వరకు అధిక శ్రావణం వచ్చింది. అంటే దాదాపు రెండు నెలలు ముహూర్తాలు లేవు. పాత అమ్మకాలను బట్టి తిరిగి తెప్పించవలసిన మట్టాన్ని లెక్కగట్టే సౌకర్యం టాలీలో ఉంది, దానిని నమ్మి జూలై నెలాఖరులో పెద్ద ఆర్డరు పెట్టాను. ఆ సరుకు మూడు వారాలు కదలలేదు. దానికి ఇంగ్లీషు నెలలే తెలుసు, పంచాంగం తెలియదు. ఆ సంగతి గుర్తుపెట్టుకోవలసింది నేను. మా ఆవిడ ఆ సంవత్సరం ఉగాది రోజునే పంచాంగం చూసి అధికమాసం ఉందని చెప్పింది కూడా. ఇప్పుడు ప్రతి ఉగాదికీ ముహూర్తాలు ఉన్న వారాలు, లేని వారాలు ఎక్సెల్‌లో ఒక నిలువు వరసగా రాసుకుని, అమ్మకాలను వాటితోనే పోలుస్తున్నాను.

సిమెంటు సంగతిలో మాత్రం అదే పరికరం డబ్బు మిగిల్చింది. 2025 ఆగస్టు 15న జీఎస్‌టీ తగ్గింపు గురించి ప్రధాని ప్రకటించగానే ఇళ్లు కట్టుకునేవారు కొనుగోళ్లు వాయిదా వేయడం మొదలుపెట్టారు. 28 శాతం కట్టి తెచ్చిన బస్తాను 18 శాతానికి అమ్మవలసివస్తే మిగిలిపోయే పన్ను క్రెడిట్‌ను (కొన్నప్పుడు కట్టి, అమ్మినప్పటి పన్నులోంచి తగ్గించుకునే మొత్తాన్ని) వేరే సరుకు పన్నుకు సర్దుకోవాలే తప్ప అది నగదుగా వాపసు రాదు. రోజుకు ఎన్ని బస్తాలు కదులుతున్నాయో, గిడ్డంగిలో ఎన్ని ఉన్నాయో ప్రతి సాయంత్రం పక్కపక్కన చూసుకుంటూ, కొత్త లోడు తెప్పించకుండా, సెప్టెంబరు 22న కొత్త రేటు వచ్చేనాటికి నిల్వను దాదాపు ఖాళీ చేయగలిగాం. చేతిపుస్తకాల కాలంలో ఇంత దగ్గరగా చూసుకోవడం మా నాన్నగారికి సాధ్యమయ్యేది కాదు, ఆ మాట ఆయనే అన్నారు.

మధ్యలో 2021లో ఫోనులోనే వ్యాపారమంతా బొమ్మలుగా చూపిస్తామన్న వేరొక సంస్థ యాప్‌కు ఒక ఏడాది చందా కట్టాను. అమ్మకాలు పెరిగినట్టు పచ్చని గీత పైకి లేస్తూ ఉండేది. తీరా చూస్తే అది పన్నును కూడా అమ్మకంలో కలుపుతోంది, గిడ్డంగి నుంచి దుకాణానికి తెచ్చుకున్న సరుకును కూడా అమ్మకంగా లెక్కవేస్తోంది. చందా మళ్లీ కట్టలేదు.

ఇన్నేళ్ల తరువాత కూడా తీరని లోటు ఒకటుంది. అమ్మిన సరుకు తప్ప అమ్మలేకపోయిన సరుకు ఏ నివేదికలోనూ కనబడదు. ఒకరు వచ్చి అంగుళంపావు బాల్ వాల్వు అడిగితే, మేము లేదని చెబితే, ఆయన వెళ్లిపోతే, ఆ సంఘటన కంప్యూటర్‌కు అసలు జరగనట్టే. అలా నెలకు ఇరవైమంది వెళ్లిపోయినా, ఆ వాల్వుకు గిరాకీ లేదనే అది చెబుతుంది. ఆ మాట నమ్మి నేను దానిని తెప్పించను. తెప్పించను కాబట్టి గిరాకీ లేదనే మళ్లీ చెబుతుంది. 2022లో కౌంటరు మీద ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకం దారంతో కట్టి పెట్టాను. అట్ట మీద ‘లేదు’ అని రాసి ఉంటుంది. ఎవరికి ఏది లేదని చెప్పామో, ఎన్ని అడిగారో, తేదీతో సహా కుర్రాళ్లు అందులో రాయాలి. మొదట్లో బద్ధకించారు, పదిసార్లకు మించి రాసిన వస్తువు దుకాణంలోకి వస్తే, దానిని ముందు రాసినవారికి టీ, సమోసా అన్నాక దారిలో పడ్డారు. పంపు మోటారు కెపాసిటర్లు, చిన్న డబ్బాలలో దొరికే గోడ పుట్టీ ఆ పుస్తకంలోంచే మా అరలలోకి వచ్చాయి.

ఆ పుస్తకాన్ని టాలీలోకి ఎక్కించే సులువైన దారి నాకింకా దొరకలేదు. శనివారం రాత్రి నేనే ఎక్సెల్‌లో కొడుతున్నాను. సగం పేర్లు కుర్రాళ్ల రాతలో అర్థంకాక, ‘సన్నది, వంకరది, 6’ అని ఉన్నచోట అది ఏమిటో వాళ్లనే పిలిచి అడగవలసివస్తోంది.